ఏడో మెట్టు మీద గోంగూర

చేతి పుస్తకం. కొత్తగట్టు, పదకొండో వార్డు, మెట్ల బజారు. రాసేది నీలవేణి. చదువు అయిదో తరగతి.

1వ రోజు

వార్డు మనిషి కూర్మారావు గారు ఈ పొద్దున ఈ పుస్తకం ఇచ్చారు. నలభై ఎనిమిది పేజీలు. ప్రతి పేజీకీ అంకె వేసి ఉంది. చూసింది రాయమన్నారు, అనుకున్నది రాయొద్దన్నారు. కొట్టేసినా కింద అక్షరం కనబడాలన్నారు.

మా వీధిలో చేత్తో రాయడం వచ్చింది నాకొక్కదానికే. మిగతావాళ్ళు నోటితో చెబితే గోడే రాసుకునే కాలంలో చదువుకున్నారు. మా కొండ మీది బడికి కరెంటు తీగ రాలేదు కాబట్టి మాకు పలకా బలపం ఇచ్చారు. అందుకని ఈ పని నాకు వచ్చింది.

"దీనికి నోరు నేదు గానీ సెయ్యుంది బాబూ. ఇచ్చీ," అంది మా అత్త నూకాలమ్మ.

ముందు బజారు ఏమిటో నాలుగు ముక్కలు రాయమన్నారు. ప్లాజా పాత కట్టడం. అందులో కింది నుంచి పై అంతస్తుకు ముప్ఫై ఆరు ఇనప మెట్లు. ఒకప్పుడు అవి కదిలేవట. మనిషి ఊరికే నిలబడితే పైకి తీసుకుపోయేవట. పక్కన ఇంకో వరస ఉండేది, ఇనుము కరువులో కోసుకుపోయారు. ఉన్న వరస ఆగిపోయి అరవై ఏళ్ళు. తీరంలో ఊళ్ళు మునిగి జనం ఈ గట్టుకు వచ్చినప్పుడు చోటు లేక మెట్టు విడిచి మెట్టు మీద కూర్చుని అమ్ముకున్నారు. ఇప్పటికీ అంతే. పద్దెనిమిది మంది. కుడి పక్క బుట్ట, ఎడమ పక్క మూరెడు దారి. మా అత్తది ఏడో మెట్టు. ఆమె అత్త కూర్చున్న మెట్టే. అంచున పసుపు పూసి ఉంటుంది. మేడ మీద గోంగూర నేను పెంచుతాను. ఆమె అమ్ముతుంది.

ఇప్పుడు ప్లాజాను బాగు చేస్తారట. మెట్లు మళ్ళీ కదులుతాయట, పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా. అమ్మేవాళ్ళకు కింద గోడలో అద్దాల గడులు ఇస్తారు. సరుకు అందులో పెట్టి ఇంటికి పోవాలి. కావలసినవాళ్ళు మీట నొక్కి తీసుకుంటారు.

జనం ఏమంటారో వినడానికి మెట్ల పైన ఒక పెట్టె వేలాడదీశారు. పిడికెడంత ఉంది. మనిషి మాట వినబడితే పచ్చగా వెలుగుతుంది. పేరు ఏదో ఉంది గానీ అందరూ చెవి అంటున్నారు. నలభై రోజులు వింటుంది. యంత్రం విన్నదాని పక్కన మనిషి రాసింది కూడా ఉండాలని నియమం. ఆ మనిషిని నేను.

3వ రోజు

నాలుగున్నరకు నీళ్ళు వచ్చాయి. రెండు బిందెలు మేడ మీదికి. ఇరవై ఎనిమిది కట్టలు కోశాను. అయిదున్నరకల్లా మెట్ల మీద ఉన్నాం. ఎనిమిదింటికి వార్డు సైరను ఎండ కూత వేస్తే ఎవరూ బయట ఉండకూడదు. బజారంతా ఈ రెండున్నర గంటలే.

ముందుగా వచ్చింది ఎదురింటి సన్యాసమ్మ పిన్ని. కట్ట చేతిలోకి తీసుకుని వాసన చూసి బుట్టలో పడేసింది.

"ఇది గోంగూరేటే? మేక కూడా మూతి తిప్పుకుంతాది."

"మేక్కి రుసి తెలుస్తాది అప్పా. నీకేటి తెలుస్తాది?" అంది అత్త.

"బిళ్ళకి నాలుగు కట్టలియ్యి."

"మూడు. నాలుగు కావాలంతే ఆ మునిగిపోయిన మీ ఊరెల్లి కోసుకో."

"దొంగ మొకందానా! మళ్ళీ నీ మెట్టు తొక్కితే నన్ను సన్యాసమ్మ అనకు."

పిన్ని నాలుగు మెట్లు దిగింది. అక్కడ నిలబడి మోకాలు నిమురుకుంది. మళ్ళీ ఎక్కి వచ్చింది. అప్పటికే అత్త నాలుగు కట్టలు వేరుగా పెట్టింది. పైన ఒక రెమ్మ కరివేపాకు. పిన్ని అది కొంగులో వేసుకుని కింది మెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ అరగంట పిన్ని మనవరాలి జ్వరం గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత పంతొమ్మిది మంది వచ్చారు. అందరూ తిట్టారు. అందరూ కొన్నారు. నన్ను ధర అడిగినవాళ్ళకు నేను వేళ్ళు చూపించాను. చెవి ఆరకుండా వెలుగుతూనే ఉంది.

6వ రోజు

కూత అయ్యాక మెట్లు ఊడవడం ఈ నెల మా వంతు. ప్లాజాకూ మా వీధి ఇళ్ళకూ మధ్య కప్పిన దారి ఉంది కాబట్టి ఎండలోనూ రావచ్చు. అమ్మేవాళ్ళు అందరూ బుట్టలెత్తుకుని వెళ్ళిపోయారు. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

పై అంతస్తులో ఎముకల డాక్టరు కూత తర్వాతే కూర్చుంటాడు. పొద్దున ఈ జనంలో ఆయన దగ్గరికి ఎవరూ ఎక్కలేరు. ఈ రోజు మంగళవారం. సన్యాసమ్మ పిన్ని వచ్చింది. అటూ ఇటూ చూసింది. మెట్లకు వీపు పెట్టి మొదటి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ వెనక ఆనించి రెండో మెట్టు మీదికి జరిగింది. అలా కూర్చునే, వెనక్కి, ఒక్కో మెట్టూ. పదమూడో మెట్టు దగ్గర ఆగి మొహం తుడుచుకుంది. నేను చీపురుతో స్తంభం వెనక నిలబడ్డాను. పైకి చేరేసరికి ఇరవై ఒక్క నిమిషాలు పట్టింది. లేచి, చీర సర్దుకుని, మామూలుగా నడుస్తూ డాక్టరు గదిలోకి వెళ్ళింది.

8వ రోజు

వీధిలో వాళ్ళు ఏమంటున్నారో రాయమన్నారు. విన్నవి రాస్తున్నాను.

అద్దాల గడులైతే ఈగలు వాలవు అంది పిల్లల తల్లి ఒకామె. పదిహేనో మెట్టు కుంకుడుకాయల ఆయన, గడిలో పెట్టిన సరుకును ఎవరు పొగుడుతారు అన్నాడు. పై వీధి కుర్రకారుకు మెట్లు కదలాలని ఉంది. సన్యాసమ్మ పిన్ని చెవి కింద నిలబడి, "మెట్లు తిప్పండి బాబూ, ఈ నూకాలు మొకం సూడకుండా పైకి పోతాను," అంది. అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. అది నేను చూశాను.

మా ఆయన గవరయ్య మేడల మీద ఎండపలకలు తుడిచే పని చేస్తాడు. అన్నం తింటూ, "ఎండేళ కరెంటు వాడేవోడు నేక పారబోస్తన్నాం. మెట్లు తిప్పితే పోయిందేటి?" అన్నాడు.

"తిప్పురా. మీ యమ్మని కూడా తిప్పు," అంది అత్త. ఇంకో గరిటె పులుసు పోసింది.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. అది చూసింది కాదు.

11వ రోజు

పది రోజులకు చెవి ఏం విన్నదో కూర్మారావు గారు మెట్ల కింద నిలబడి చదివి వినిపించారు.

బజారు మీద పదిమందిలో తొమ్మిది మందికి అసహ్యం ఉంది. వాళ్ళు వాడిన మాటలు కుళ్ళు, పుచ్చు, దొంగ, కల్తీ, ఇక రాను. అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు ఏడో మెట్టు మీద. నాలుగు వందల పన్నెండు. రెండోది తొమ్మిదో మెట్టు ఎండుచేపల దాలినాయుడు. ఒక్క ఫిర్యాదు కూడా లేనిది ముప్ఫై మూడో మెట్టు. అక్కడ కూర్చునే అతను కాలు విరిగి నెల నుంచి రావడం లేదు.

అత్త నవ్వబోయి ఆగింది. "అయన్నీ బేరాలు కదు బాబూ?"

"నాకు తెలీదా నూకాలమ్మా? నేనూ ఈ మెట్ల మీదే కొనుక్కుంటాను. నిన్న నేను తిట్టింది కూడా అందులో ఉంది. కానీ అది విన్నదే లెక్క. దానికి రెండే గంపలు, మంచి ఒకటి, చెడ్డ ఒకటి."

"అయితే ఏటవుతాది?"

ఆయన కాగితం మడత పెట్టారు. గడులు పన్నెండే వచ్చాయట. అమ్మేవాళ్ళు పద్దెనిమిది మంది. ఫిర్యాదులు ఎక్కువ ఉన్న ఆరుగురికి గడి రాదు. మెట్టూ ఉండదు.

దాలినాయుడు తన బుట్ట వైపు చూసుకున్నాడు. అత్త కొంగుతో మెట్టు అంచు తుడిచింది. పసుపు ఉన్న చోట మాత్రం తుడవలేదు.

12వ రోజు

కూత తర్వాత అమ్మేవాళ్ళూ వీధివాళ్ళూ మా ఇంట్లో కూడారు. చెవికి వినబడని చోటు అని మా వంటింట్లో. రేపటి నుంచి ఎవరూ బేరం ఆడకూడదని, అందరూ చెవి వైపు తిరిగి పొగడాలని ఒప్పుకున్నారు. సన్యాసమ్మ పిన్ని గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. "నాకు మెట్లు తిరగాలి. నానెందుకు పొగడాలి?" అంది. అత్త ఆమె చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, "నా మొకం సూసి," అంది. "ఆ మొకం సూసే సస్తన్నాను," అని పిన్ని మజ్జిగ తాగింది. ఒప్పుకుంది.

ఇది కూడా రాయాలా అని ఆలోచించాను. చూసింది రాయమన్నారు. రాశాను.

13వ రోజు

పిన్ని వచ్చింది. కట్ట చేతిలోకి తీసుకుంది. చెవి వైపు మొహం ఎత్తింది.

"ఓలప్పా నూకాలూ! నీ గోంగూర ఎంత పచ్చగున్నాది! ఎంత లేతగున్నాది! ఇలాంటి గోంగూర ఈ గట్టు మీద ఇంకెక్కడా నేదు!"

అత్త మొహం పాలిపోయింది. చేత్తో బుట్ట కప్పేసింది. బిళ్ళకు ఎన్ని అని పిన్ని అడగలేదు. ఎన్ని అని అత్త చెప్పలేదు. అత్త మూడు కట్టలు ఇచ్చింది. పిన్ని, "సాలా మంచిది," అని వెళ్ళిపోయింది. కూర్చోలేదు. మనవరాలి జ్వరం తగ్గిందో లేదో తెలియలేదు.

ఈ రోజు పద్నాలుగు మంది పొగిడారు. ఇంటికి రాగానే అత్త గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ బుట్టకు దిగదుడిచి పొయ్యిలో వేసింది. "ఇంతమంది కళ్ళు పడితే సెట్టు బతుకుతాదేటే?" అంది నాతో.

16వ రోజు

తొమ్మిది కట్టలు మిగిలాయి. మునుపు ఒక్కటీ మిగిలేది కాదు.

ఎందుకో చూశాను. పొగిడిన తర్వాత కొనకుండా వెళ్ళడం ఎవరికీ చేతకావడం లేదు. తిట్టి వెళ్ళిపోవచ్చు, తిట్టి మళ్ళీ రావచ్చు. పొగిడి ఎలా వెళ్ళిపోతారు? అందుకని మెట్ల వైపే రాకుండా వెనక సందులోంచి పోతున్నారు. వచ్చినవాళ్ళు అడిగినంత ఇచ్చి గబగబా దిగిపోతున్నారు. బేరం లేకపోతే ఎంత చెప్పాలో అమ్మేవాళ్ళకూ తెలియడం లేదు. కుంకుడుకాయల ఆయన ఒకరోజు ఎక్కువ చెప్పి సిగ్గుపడ్డాడు. మర్నాడు తక్కువ చెప్పి ఏడుపు మొహం పెట్టాడు.

పిన్ని మూడు రోజులుగా రాలేదు.

మేడ మీద రెండు గోంగూర మొక్కలు వడలిపోయాయి. పరదా చిరిగి ఎండ తగిలింది. అత్త మాత్రం పిన్ని దిష్టే అంది.

19వ రోజు

కూర్మారావు గారు రెండోసారి చదివారు. ఇప్పుడు పదిమందిలో ఎనిమిది మందికి బజారు మీద ప్రేమ ఉంది. ఏడో మెట్టు మీద ఒక్క ఫిర్యాదూ లేదు. కానీ వచ్చేవాళ్ళు సగానికి తగ్గారు. కాబట్టి చెవి తేల్చింది ఏమిటంటే, జనానికి బజారు అంటే ఇష్టమే గానీ దాని అవసరం లేదు.

అప్పుడే ఎవరో పెద్దావిడ దాలినాయుడి బుట్ట ముందు ఆగి, చెవి వైపు చూసి, నీ ఎండుచేపలు మల్లెపూల వాసన కొడుతున్నాయి నాయనా అంది.

దాలినాయుడు లేచి నిలబడ్డాడు. "తిట్టండర్రా! నలబయ్యేళ్ళుగా ఈ కంపు అమ్ముకుంటన్నాను. కంపని ఒక్కరైనా అనండి!"

"కంపే," అంది అత్త. "నీ పక్కన కూకోని నా గోంగూరకి కూడా అంటుకుంది."

"ఆ! అదీ మాట!" అని అతను కూర్చున్నాడు.

22వ రోజు

ఆ మర్నాటి నుంచే బేరాలు మళ్ళీ మొదలయ్యాయి. జనం మళ్ళీ వచ్చారు. ఫిర్యాదులు కూడా వచ్చాయి.

23వ రోజు

కూర్మారావు గారు మా ఇంటికి వచ్చారు. నీళ్ళు తాగారు. చెవి లెక్కకు ఎదురు నిలబడగలిగింది ఒక్కటే ఉంది, చేతి పుస్తకం అన్నారు. అందులో వేరేగా ఉంటే విచారణ పెడతారు. వార్డు పెద్దలు మెట్ల దగ్గరికి వచ్చి వింటారు. ముప్ఫై తొమ్మిదో రోజు.

"ఎవరు సదువుతారు?" అంది అత్త.

"రాసిన మనిషే చదవాలి. గట్టిగా. మొదటి పేజీ నుంచి చివరిదాకా."

అందరూ నన్ను చూశారు. నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను.

పెళ్ళయి రెండేళ్ళు. నేను ఈ మెట్ల మీద పైకి మాట్లాడింది లేదు. చెవి కింద ఇన్ని రోజులు కూర్చున్నాను. నా మాటకు అది ఒక్కసారీ వెలగలేదు.

25వ రోజు

ఈ రోజు మా ఆయన పుస్తకంలో ఏముందో చదవమన్నాడు. వంటింట్లో చదివాను. వంటింట్లో నాకు మాట వస్తుంది. పన్నెండో రోజు దగ్గరికి రాగానే అత్త చేతిలో చాట కింద పెట్టింది.

"వొలే, మనం అబద్దం ఆడినామని నువ్వే రాసినావా?"

"చూసింది రాయమన్నారు అత్తా."

"ఆ పేజీ సదివితే ఇంకేటుంటాది? దొంగలని తేల్చీసి గడి కూడా ఇవ్వరు. సింపీ."

"అంకెలున్నాయి," అన్నాను.

"ఒక్క పేజీయే కదే, పురుగు కొట్టిందని సెప్పు," అన్నాడు మా ఆయన.

నేను పుస్తకం బియ్యం డబ్బా మీద పెట్టాను. చింపలేదు. చింపను అని కూడా అనలేదు. అత్త చాట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

29వ రోజు

అత్త నాలుగు రోజులుగా నన్ను తిట్టలేదు. గోంగూర కట్టలు చిన్నవైనా ఏమీ అనలేదు. అన్నం మాడినా తిన్నది. మెట్ల మీద అందరినీ తిడుతుంది. ఇంటికి వచ్చి నాకు, "ఉప్పందుకో," అంటుంది, మెత్తగా.

నాకు నిద్ర సరిగా లేదు. ఇది చూసింది కాదు. అయినా ఉంచేస్తున్నాను.

34వ రోజు

ఆరో రోజు పేజీ గురించి సన్యాసమ్మ పిన్నికి చెప్పాలి అనిపించింది. మంగళవారం కాబట్టి కూత తర్వాత చీపురు తీసుకుని వెళ్ళాను. ఈసారి స్తంభం వెనక దాక్కోలేదు. పిన్ని మొదటి మెట్టు మీద కూర్చోబోతూ నన్ను చూసింది.

పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. చిన్న గొంతుతోనే. మెట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి వినబడింది. పిన్ని తల వంచుకుని విన్నది.

"ఇరవయ్యొక్క నిముసాలా?" అంది.

"అవును పిన్నీ."

"నాను గంట పట్టిందనుకుంటన్నానే." నా చేతిలో పేజీ వైపు చూసింది. "అందరి ముందూ సదువుతావా?"

"మీరు వద్దంటే…"

"వద్దంతే సదవవేటి? నియమం కదా." పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సదివీ. నా మోకాళ్ళే కదా, ఎవురి సొమ్మూ కాదు. కానీ మీ యత్త బిళ్ళకి నాలుగు కట్టలిస్తాదని కూడా రాసి ఉందా? అదీ గట్టిగా సదువు. రేపు మూడంతే ఒప్పుకోను."

నా భుజం పట్టుకుని నిలబడే ఎక్కింది ఈ రోజు. పన్నెండు నిమిషాలు పట్టింది.

39వ రోజు

ఇది సాయంత్రం రాస్తున్నాను.

పొద్దున అయిదున్నరకే వార్డు పెద్దలు ముగ్గురు వచ్చి మెట్ల కింద కుర్చీలు వేసుకున్నారు. కూర్మారావు గారు పక్కన నిలబడ్డారు. అమ్మేవాళ్ళు ఎవరి మెట్టు మీద వాళ్ళు. మిగతా వీధంతా కింద. నన్ను ఏడో మెట్టు మీద, అత్త పక్కన నిలబెట్టారు.

చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు చదివాక కూర్మారావు గారు చెయ్యి ఎత్తి ఆపారు. చెవి వెలగడం లేదు. చెవికి వినబడకపోతే చదివినట్టు కాదు.

మళ్ళీ చదివాను. వెలగలేదు. కింద ఎవరో నవ్వారు. గొంతు పెంచాను అనుకున్నాను. వెలగలేదు. పెద్దల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

"నీ గొంతుకేటయిందే!" అంది అత్త. పద్నాలుగు రోజుల తర్వాత అదే మొదటి తిట్టు. "పిల్లి పాలు తాగినట్టు ఏటా సదువు? నాకు సెప్పు. నాను అంటాను."

అది నియమంలో ఉందా అని పెద్దలు కూర్మారావు గారిని అడిగారు. చదివేది రాసిన మనిషే, అరిచేది ఎవరో నియమంలో లేదు అన్నారాయన.

అలా జరిగింది. నేను ఒక వాక్యం చదివితే అత్త దాన్ని అరిచింది. చెవి పచ్చగా వెలిగింది. ఎవరెవరు ఎన్నిసార్లు ఇక రానన్నారో, మర్నాడు ఎన్ని గంటలకు వచ్చారో చదివాను. అవి రోజూ పేజీ అంచున వేసుకున్న లెక్కలు, ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఆరో రోజు పేజీ చదివితే అత్త గొంతు సగంలో తగ్గింది. పిన్ని కింద నుంచి, "వినబడతన్లేదు!" అని అరిచింది. అత్త మళ్ళీ మొదటి నుంచి అరిచింది. ఎవరూ నవ్వలేదు.

ఎనిమిదో రోజులో కొట్టేసిన వాక్యం వచ్చింది. దాన్ని వదిలి కిందిది చదవబోయాను. కూర్మారావు గారు, "కొట్టేసింది కూడా చదవాలమ్మా," అన్నారు.

అత్తకు మాత్రమే వినబడేలా చదివాను. అత్త నా వైపు చూసింది. ఇంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు. తర్వాత చెవి వైపు తిరిగింది.

"నాకు ఈ మెట్లు కదిలితే చూడాలని ఉంది! అని రాసింది మా కోడలు!"

తొమ్మిదో మెట్టు మీద దాలినాయుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తలకాయ ఎత్తలేకపోయాను. పేజీ తిప్పాను. పన్నెండో రోజు వచ్చింది. ఆగిపోయాను.

"ఆగీసినావేటి?" అంది అత్త. "సదువు."

చదివాను. చెవికి వినబడని చోటు అని మా వంటింట్లో కూడామని, అబద్ధంగా పొగడాలని ఒప్పుకున్నామని, అత్త ఒక్క మాట కూడా మింగకుండా అరిచింది. నాలుగు వందల పన్నెండు ఫిర్యాదుల గొంతు అది. ప్లాజా పై అంతస్తు దాకా వినబడింది.

చదవడం అయిపోయింది. పెద్దల్లో మధ్యలో కూర్చున్నావిడ పుస్తకం అడిగి తీసుకుని ఎనిమిదో రోజు పేజీ చూసింది. "చెవి లెక్కలో ఒక పేరు పక్కన విన్న మాటలు సున్నా అని ఉంది. అది నువ్వేనా?"

తల ఊపాను.

"నీ అభిప్రాయం చెప్పాలి. మెట్లు కదలాలా, బజారు ఉండాలా?"

అత్త నా వైపు వంగింది. ఆమె చెవిలో చెప్పాను. ఆమె అరవలేదు. నోరు తెరిచి నన్ను చూసి, "ఈ మాట ముందే సెప్పలేదేటే? నెలరోజులు ఇంట్లో పెట్టుకుని కూకున్నావా, ఎర్రిమొకందానా!" అంది. తర్వాత అరిచింది.

"మేం లెగిసిపోయినాక తిప్పండి అంతంది! కూత తర్వాత ఈ మెట్ల మీద పిట్ట కూడా ఉండదు! డాక్టరు కూకునేదప్పుడే, సన్యాసమ్మ ఎక్కేదప్పుడే, కరెంటు పారబోసేదీ అప్పుడే! మెట్లు ఊడిసేది ఇదే కాబట్టి దీనికి తెలుసు!"

పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. వాళ్ళ కాగితంలో పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా అని ఉంది. అది ఎవరు రాశారో వాళ్ళకూ తెలియదు.

ఎండ కూత వచ్చింది. అందరూ బుట్టలెత్తుకున్నారు.

57వ రోజు

నలభై రోజులు అయిపోయినా పుస్తకంలో పేజీలు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను. ఎవరూ అడగలేదు.

ఏడాదిపాటు చూస్తామని పెద్దలు చెప్పారు. కూత తర్వాత మెట్లు తిరుగుతాయి. పొద్దున బజారు ఉంటుంది. గడుల పని ఆపారు. చెవిని విప్పి తీసుకుపోయారు. అది ఉన్న చోట మేకు మిగిలింది.

ఈ రోజు మొదటిసారి తిప్పారు. కప్పిన దారి నిండా జనం. కూర్మారావు గారు మీట నొక్కారు. చాలాసేపు మూలిగి, ఒక్కసారి కుదిపి, మెట్లు కదిలాయి.

నేను చూశాను. కింద నేలలోంచి కొత్త మెట్టు పుట్టి పైకి పోతుంది. పైన నేలలోకి పోయి కనబడదు. సన్యాసమ్మ పిన్ని రెండు చేతులతో పక్క పట్టీ పట్టుకుని నిలబడి పైకి పోయింది. అర నిమిషం పట్టింది. పైన దిగి వెనక్కి తిరిగి అందరి వైపూ చూసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మరిచిపోయి అక్కడే నిలబడింది.

అప్పుడు అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పసుపు పూసిన మెట్టు పైకి పోతోంది. ఇరవయ్యో మెట్టు, ముప్ఫయ్యో మెట్టు, తర్వాత నేలలోకి పోయింది. ఇది నేనూ ఆలోచించలేదు. ఎవరూ ఆలోచించలేదు. కనబడేవి ముప్ఫై ఆరు. కింద ఇంకో ముప్ఫై ఆరు ఉన్నాయట.

"మళ్ళీ వొస్తాదా?" అంది అత్త.

"వస్తుంది అత్తా." నేను పైకే అన్నాను.

వచ్చింది. మళ్ళీ పోయింది. పొద్దు గూకి మెట్లు ఆపినప్పుడు అది కింద ఉందో పైన ఉందో కనబడలేదు.

58వ రోజు

అయిదున్నరకు వెళ్ళేసరికి మెట్ల మీద గొడవ. మొదటి మెట్టు నూనె ఆవిడ మరకలున్న మెట్టు ముప్ఫై మూడో చోట ఆగింది. అది తనదని ఆమె, చోటు తనదని కాలు బాగయి వచ్చిన అతను. ఎవరి చోట వాళ్ళు కూర్చోవాలని, మెట్టు ఏదైనా సరేనని చివరికి ఒప్పుకున్నారు.

ఏడో చోట ఉన్న మెట్టు మీద అరవై ఏళ్ళుగా ఎవరూ కూర్చోలేదు. గీతలు పదునుగా, కొత్తవిలా ఉన్నాయి. అత్త కాసేపు నిలబడి చూసింది. కొంగు ముడి విప్పి పసుపు తీసి, అంచున పూసింది. కూర్చుంది.

"గుచ్చుకుంతంది," అంది.

పిన్ని వచ్చింది. కట్ట వాసన చూసి పడేసింది. "ఇది గోంగూరేటే? ఎండు గడ్డి."

అత్త నోట్లో తమలపాకు ఉంది. నా వైపు చూసింది.

"బిళ్ళకి మూడే పిన్నీ," అన్నాను. "నాలుగు కావాలంటే మళ్ళీ రావద్దు."

పిన్ని నాలుగు మెట్లు దిగి ఆగింది. నేను నాలుగు కట్టలు వేరుగా పెట్టాను.

70వ రోజు

ఇది చివరి పేజీ. రోజూ పొద్దున ఏడో చోటుకు ఏదో ఒక మెట్టు వస్తోంది. అత్త ప్రతిదానికీ పసుపు పూస్తోంది. ఇప్పటికి పన్నెండు అయ్యాయి. ఈ రోజు వచ్చినదానికి ముందే పసుపు ఉంది. అది మొదటిదో, తర్వాత పూసినదో వంగి చూసి చెప్పమంది.

చూశాను. అంచు అరిగి నున్నగా ఉంది. అదేనని చెప్పాను.